పెరిగే కాలు

మన భాషలో మడమకున్న గౌరవం మరే అవయవానికీ ఉన్నట్టు లేదు. ఎంత కష్టం వచ్చినా నిలబడ్డవాణ్ణి మడమ తిప్పని వీరుడంటాం. పారిపోయినవాడు పిక్కబలం చూపించాడంటాం. ఇరవై ఏళ్ళుగా ఈ రెండు జాతీయాలకూ తరగతిలో అర్థాలు చెబుతూనే ఉన్నాను. కాని ఆ మడమకూ ఈ పిక్కకూ నడుమ ఒక తాడుందనీ, ఆ తాడు బిగుసుకుంటే పదేళ్ళ పిల్లలు కుంటుతారనీ ఏ నిఘంటువూ నాకు చెప్పలేదు. ఎముకల డాక్టరుగారు చెప్పారు.

పురాణాలవాళ్ళు మాత్రం ఏదో పసిగట్టినట్టే ఉన్నారు. గ్రీకుల వీరుడు అకిలీస్‌ను వాళ్ళమ్మ మడమ పట్టుకుని నదిలో ముంచిందట. తడవని ఆ మడమే చివరికి అతని ప్రాణం తీసింది. పిక్క నుంచి మడమదాకా దిగే ఆ తాడుకు వైద్యులు నేటికీ అతని పేరే వాడుతున్నారు. మన భారతంలో దుర్వాసుడు ఇచ్చిన పాయసం కృష్ణుడు ఒళ్ళంతా పూసుకుని అరికాళ్ళు మాత్రం వదిలేశాడు. జరుడనే వేటగాడి బాణం వచ్చి వచ్చి ఆ పాదానికే తగిలింది. ఎంతటివాడికైనా కాలి దగ్గర కాస్త కచ్చిదనం మిగిలిపోతుందని రెండు దేశాలవాళ్ళూ అనుకున్నారన్నమాట. పెద్దవాళ్ళ సంగతి ఏమోగాని, పిల్లల మడమ విషయంలో అది అక్షరాలా నిజం.

మేముండేది పటాన్‌చెరులో. నేను పాఠాలు చెప్పేది సంగారెడ్డిలో. రోజూ బొంబాయి రోడ్డుమీద ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది దాటుకుంటూ బస్సులో పోయి వస్తుంటాను. దారి పొడవునా మందుల కంపెనీలు, ఇనుప కార్ఖానాలు, గోదాములు. ఊరికి తూర్పున పంటల పరిశోధన కోసం 1972లో వెలసిన ఇక్రిశాట్, పడమట కందిలో ఐ.ఐ.టి. ఇన్ని ఉన్నచోట పిల్లలు పరుగెత్తడానికి మెత్తని నేల మాత్రం కరువు. కొత్త కాలనీల్లో ఆటస్థలమంటే అపార్టుమెంటు కింద కార్లు నిలిపే సిమెంటు నేల. పాత బస్తీల్లో అయితే లారీలు కదిలాక ఖాళీ అయిన జాగా. కాళ్ళకు పలచని తెల్ల కాన్వాసు బూట్లు, లేదా రబ్బరు చెప్పులు, లేదా ఏమీ ఉండవు. అయినా సాయంకాలం అయిదు గంటలకు ఆ నేలమీదే కబడ్డీ, ఖోఖో, క్రికెట్టు అన్నీ నడుస్తాయి. పిల్లలు నేల చూసి ఆడరు గదా!

మా అమ్మాయికి పదకొండేళ్ళు. ఆరో తరగతి. ఆ ఏడు ఒక్కసారిగా నాలుగు వేళ్ళ పొడుగు సాగింది. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఖోఖో ప్రపంచకప్పులో మన ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇద్దరూ గెలిచిన దగ్గర్నుంచీ దానికి ఖోఖో తప్ప వేరే లోకం లేదు. చూడ్డానికి చిన్న ఆటే. ఎనిమిదిమంది వరుసగా, ఒకరు అటు ఒకరు ఇటు తిరిగి గొంతుక్కూర్చుంటారు. వీపుమీద తట్టి 'ఖో' అనగానే స్ప్రింగులా లేవాలి. మునివేళ్ళమీద దూసుకుపోవాలి. స్తంభం దగ్గర గిరుక్కున తిరగాలి. లేచినా, ఉరికినా, తిరిగినా బరువంతా పిక్కదే. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల పోటీలకు జిల్లా జట్టును ఎంపిక చేయడానికి ఇంకా మూడు వారాలుందనగా, ఒకనాడు స్కూలు నుంచి మునికాళ్ళమీద నడుచుకుంటూ వచ్చింది.

"ఏమైంది?" అంటే "మడమ నొప్పి" అంది. పడిందా అంటే పడలేదంది. ముల్లు గుచ్చుకుందా అంటే లేదంది. చూస్తే వాపు లేదు, ఎరుపు లేదు, గాయం లేదు. రాత్రి హాయిగా నిద్రపోయింది. పొద్దున కూడా బాగానే ఉంది. సాయంత్రం ఆట అయ్యేసరికి మళ్ళీ కుంటుడే. ఇలా వారం గడిచింది.

కనపడని నొప్పికి మనవాళ్ళ దగ్గర రెండే మాటలున్నాయి. ఒకటి, నాటకం. రెండు, ఏదో పెద్ద జబ్బు. మా యింట్లో రెండు పక్షాలూ వెంటనే తయారైనాయి. వాళ్ళ స్కూలు ఆటల మాస్టరుది మొదటి పక్షం. "ఎంపికలు దగ్గర పడంగనే అందరికీ ఏదో ఒక నొప్పి లేస్తది సార్. భయం. ఉరికితే అదే పోతది" అన్నాడు. మా శ్రీమతిది రెండో పక్షం. ఆమె అప్పటికే నలుగురిని అడిగి, ఎముకలో వచ్చే జబ్బులన్నీ వల్లె వేసి కూర్చుంది.

మా అమ్మది మూడో పక్షం. "గింతదానికి డాక్టరెందుకురా? ఇటుక కాల్చి, దానిమీద జిల్లేడాకు పెట్టి, మడిమె ఆనిచ్చి తొక్కిస్తే తెల్లారేసరికి గుర్రమోలె ఉరుకుతది" అంది. పెద్దవాళ్ళ మడమశూలకు మా ఊళ్ళో ఇదే వైద్యం. ఇటుక పొయ్యిమీదికి ఎక్కబోతుంటే మనవరాలు కెవ్వుమని ఏడ్చింది. దాంతో మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

ఆ డాక్టరుగారు పెద్దాయన. మాట తక్కువ. పిల్లను నిలబెట్టి చూశారు. నడిపించి చూశారు. మునివేళ్ళమీద లేవమన్నారు. తర్వాత మడమను రెండు ప్రక్కలనుంచి, నిమ్మకాయ పిండినట్టు రెండు వేళ్ళతో మెల్లగా నొక్కారు. అప్పటిదాకా బుద్ధిగా కూర్చున్న పిల్ల ఎగిరిపడింది. రెండో కాలు నొక్కితే అక్కడా కాస్త నొప్పి ఉంది. ఈ మధ్య పొడుగైందా అని అడిగారు. ఏం ఆట ఆడుతుందని అడిగారు. రాత్రి నొప్పి ఉంటుందా, జ్వరం వచ్చిందా, పొద్దున లేవగానే కాలు పట్టేస్తుందా అని అడిగారు. ఈ మూడింటికీ లేదన్నాం. "సీవర్స్ డిసీజ్" అని కాగితంమీద రాశారు.

"సివియర్ డిసీజా?" అని మా శ్రీమతి కుర్చీలోంచి లేచింది.

డాక్టరుగారు నవ్వారు. "సివియర్ కాదమ్మా, సీవర్. ఒకాయన ఇంటిపేరు. అసలిది డిసీజ్ కూడా కాదు" అన్నారు. అమెరికాలో బోస్టను నగరంలో జేమ్స్ వారెన్ సీవర్ అనే ఎముకల వైద్యుడుండేవాడు. ఆయన 1912లో దీన్ని వర్ణిస్తూ వ్యాసం రాశాడు. అప్పట్నుంచీ ఆయన పేరే నిలిచిపోయింది. వంద సంవత్సరాలు దాటినా ఆ 'డిసీజ్' అనే తోక మాత్రం ఊడలేదు. తల్లుల గుండెలు అదరగొడుతూనే ఉంది.

ఇంక అసలు సంగతి ఆయన చెప్పిన పద్ధతిలోనే చెబుతాను. మడమ ఎముక పుట్టుకతోనే మొత్తం ఎముకగా ఉండదు. వెనక అంచు మృదులాస్థిగా, అంటే చెవి తమ్మె పైభాగంలాగా మెత్తగా ఉంటుంది. ఏడెనిమిదేళ్ళ వయసు వచ్చేసరికి, ఆడపిల్లల్లో ఇంకా ముందే, ఆ మెత్తని చివరలో విడిగా ఒక ఎముక ముక్క ఏర్పడటం మొదలుపెడుతుంది. దానికీ అసలు మడమ ఎముకకూ మధ్య ఎదుగుదల పొర ఒకటి ఉంటుంది. పద్నాలుగు, పదిహేనేళ్ళకు ఆ పొర గట్టిపడి రెండు ముక్కలూ ఒకటైపోతాయి. ఈలోగా వచ్చిన చిక్కేమిటంటే, పిక్కనుంచి దిగే ఆ బలమైన తాడు వచ్చి అతుక్కునేది సరిగ్గా ఆ కొత్త ముక్కకే. అరికాలి కింద ఉండే గట్టి పట్టీ కూడా అటువైపునుంచి దాన్నే లాగుతుంది.

పిల్లలు ఒక్కసారి పొడుగు సాగినప్పుడు ఎముక ముందు పెరుగుతుంది. కండ, తాడు దానివెంట మెల్లగా సాగుతాయి. ఆ కొద్ది నెలలూ తాడు బిగువుగా ఉంటుంది. పరుగెత్తినప్పుడల్లా, దూకినప్పుడల్లా పచ్చిగా ఉన్న ఆ పొరమీద ఒక గుంజు. కింద సిమెంటు నేల నుంచి ఒక దెబ్బ. రోజుకు కొన్ని వందల గుంజులు, కొన్ని వందల దెబ్బలు. ఆ పొర రేగి నొప్పి పెడుతుంది. "మీ పటాన్‌చెరులో ఎటు చూసినా ఇళ్ళు కడుతుంటారు గదా. స్లాబు వేసిన మర్నాడే దానిమీద ఇటుకల లారీ దింపిస్తారా? నీళ్ళు పట్టి ఆగుతారా?" అని అడిగారాయన. ఈ ఉదాహరణ మా అమ్మకు కూడా అర్థమైంది.

ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ళ మధ్య ఆడుకునే పిల్లలకు మడమ నొప్పి వస్తే దానికి చాలావరకు ఇదే కారణమట. రెండు మడమలకూ రావడం మామూలే. కూర్చుంటే తగ్గి ఆడితే పెరగటం దీని లక్షణం. అందుకే అది చూసేవాళ్ళకు నాటకంలా కనబడుతుంది. ఉదయం లేని నొప్పి ఆట గంటకు రావడమేమిటని మనం అనుకుంటాం. ఆటవల్లే వచ్చే నొప్పి ఆట గంటకు కాక ఇంకెప్పుడు వస్తుంది?

"ఎక్స్‌రే తీయించమంటారా?" అని అడిగాను. ఇలాంటి స్పష్టమైన సందర్భంలో అక్కర్లేదన్నారు. ఎందుకంటే ఆ వయసు పిల్లల మడమ ఎక్స్‌రేలో ఆ కొత్త ముక్క మరీ తెల్లగా, విరిగి ముక్కలైనట్టు కనిపించవచ్చు. ఏ నొప్పీ లేని పిల్లల్లో కూడా అలాగే కనబడుతుంది. అది చూసి ఎముక విరిగిందని ఏడ్చిన తల్లిదండ్రులున్నారట. ఎక్స్‌రే తీస్తే అది ఇంకో జబ్బేదీ లేదని తేల్చుకోవడానికే.

ఇక చికిత్స. వినగానే మా శ్రీమతికి నిరాశ కలిగింది. ఇంత దూరం వచ్చి ఫీజు చెల్లించాక ఒక టానిక్కు, నాలుగు రకాల మాత్రలైనా రాయకపోతే ఎలా? ఆయన రాసినవి ఇవి.

మొదటిది, ఆట తగ్గించడం. మాన్పించడం వేరు, తగ్గించడం వేరు. నొప్పికి పది మార్కులని పెట్టుకుని రోజూ ఆట తర్వాత పిల్లనే మార్కులు వేసుకోమన్నారు. రెండు, మూడు లోపు ఉండి తెల్లవారేసరికి పోతే ఫరవాలేదు. అంతకు మించినా, కుంటుతున్నా ఆ రోజుకు ఆట చాలు. ఈతా, సైకిలూ మడమమీద దెబ్బ పడనివి గనక వాటికి అభ్యంతరం లేదు. రెండోది, బూటులో మడమ కింద మెత్త. మందుల షాపుల్లో సిలికాను హీల్ ప్యాడ్లు దొరుకుతాయి. సెంటీమీటరుకు లోపు ఎత్తు చాలు. మడమ కాస్త పైకి లేస్తే పైనుంచి లాగే తాడు కాస్త వదులవుతుంది. నొప్పి ఒక కాలికే ఉన్నా రెండు బూట్లలోనూ పెట్టాలి. లేకపోతే ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి అవుతుంది.

మూడోది, ఆట అయ్యాక పది పదిహేను నిమిషాలు మంచు కాపడం. మంచుముక్కను గుడ్డలో చుట్టి పెట్టాలి, చర్మానికి నేరుగా తగలకూడదు. "మా అమ్మగారు వేడి ఇటుక అంటున్నారు" అన్నాను. "కాల్చిన ఇటుక పిల్లల కాలికి వద్దు. నొప్పి తగ్గటం అటుంచి బొబ్బలెక్కుతుంది" అన్నారు. నాలుగోది, పిక్కను సాగదీసే వ్యాయామం. గోడకు చేతులానించి, ఒక కాలు వెనక్కు పెట్టి, మడమ నేలకు ఆనించి, గోడను తోస్తున్నట్టు ముందుకు వంగాలి. మోకాలు చాచి ఒకసారి, కొద్దిగా మడిచి ఒకసారి. ఇరవై ముప్ఫై అంకెలు లెక్కపెట్టేదాకా అలా ఉండాలి. కుదుపులు కూడదు. నొప్పి పుడితే ఆపాలి. పొద్దున మూడుసార్లు, సాయంత్రం మూడుసార్లు.

మందుల సంగతి: నొప్పి మరీ ఎక్కువైతే బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులో రెండు మూడు రోజులు. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. నొప్పి మాత్ర వేసి మైదానంలోకి దింపడం అంతకన్నా తప్పు. మడమలోకి ఇంజక్షను అసలే వద్దు. ఎప్పుడో ఏ మొండి కేసుకో కొన్ని వారాలపాటు కట్టు వేస్తారుగాని, నూటికి తొంభై పాళ్ళు ఆ అవసరం రాదు. కొన్ని వారాలనుంచి రెండు మూడు నెలల్లో తగ్గుతుంది. ఆ పొర మూసుకునేదాకా మధ్య మధ్య మళ్ళీ తలెత్తవచ్చు. మూసుకున్నాక ఇంక రాదు. కాలికి శాశ్వతంగా ఏ లోపమూ మిగలదు.

ఇందులో ఏది గొప్ప వైద్యమని నేను తర్వాత ఆరా తీశాను. మాస్టరుకు పరీక్షల జబ్బు ఎక్కడికి పోతుంది! హాలెండు వైద్యులు సుమారు వందమంది పిల్లలను మూడు భాగాలు చేసి పరీక్ష పెట్టి, 2016లో ఫలితాలు ప్రచురించారు. ఒక భాగానికి ఆట తగ్గించి కనిపెట్టుకుని ఉండటం, ఒక భాగానికి మడమ మెత్తలు, ఒక భాగానికి వ్యాయామం. మూడు నెలలకు అందరికీ నొప్పి బాగా తగ్గింది. మూడింటిలో ఏదీ తక్కినవాటిని మించలేదు. అంటే అసలు వైద్యుడు కాలమే. తక్కినవన్నీ ఆ కాలం హాయిగా గడవటానికి సాయం.

ఇక ఇంట్లో అమలు. అన్నింటికంటే కష్టమైనది వ్యాయామమూ కాదు, మంచూ కాదు. చెప్పులు! వట్టి కాళ్ళతో గట్టి నేలమీద నడవవద్దన్నారు డాక్టరు. మా యింట్లో నేలంతా గ్రానైటు. మా అమ్మ జీవితంలో గడపలోపల చెప్పు పెట్టనిచ్చిన మనిషి కాదు. రెండు రోజులు మా యింట్లో రౌండు టేబులు సమావేశాలు జరిగాయి. చివరికి సంధి కుదిరింది. బయటి మట్టి ఎన్నడూ తొక్కని కొత్త జత ఒకటి కొనాలి. వంటింట్లోకి, దేవుడి గూటి దగ్గరికి రాకూడదు. "చెప్పులేసుకున్నా నా మనవరాలే గదా, ఏం జేస్త" అని మా అమ్మ సంతకం చేసింది. వారం తర్వాత చూస్తే, ఆమెకూ మోకాళ్ళ నొప్పులు గదా, అలాంటి జతే ఒకటి తెప్పించుకుని వేసుకు తిరుగుతోంది.

ఆటల మాస్టరు దగ్గరికి చీటీ పట్టుకుని నేనే వెళ్ళాను. జగడమాడటానికి సిద్ధమయ్యే వెళ్ళాను. ఆయన చీటీ చదివి చాలాసేపు మాట్లాడలేదు. "నాకు ఏడో తరగతిలో ఇట్లనే ఉండె సార్. మా నాయిన దొంగేషాలన్నడు. కొట్టి ఉరికిచ్చిండు. ఏడాది కుంటిన" అన్నాడు. నేను తెచ్చుకున్న జగడం అలాగే జేబులో ఉండిపోయింది. ఆ రోజునుంచి పిల్లను పరుగులనుంచి తప్పించి, కూర్చున్నచోటనుంచి దిశ కనిపెట్టడం, 'ఖో' ఇచ్చే అదను చూడటం నేర్పాడు. జట్టులో ఇంకో ఇద్దరు పిల్లల మడమలు కూడా ఆయనే నొక్కి చూశాడని తెలిసింది.

ఎంపికలకు మా అమ్మాయి వెళ్ళలేదు. ఈ మాట రాయడం సులభంగా ఉంది గాని, ఆ రోజు గడవటం సులభంగా లేదు. తోటిపిల్లలు బస్సెక్కుతుంటే గేటు దగ్గర నిలబడి చెయ్యూపి, ఇంటికి వచ్చి తలగడలో మొహం పెట్టుకుని ఏడ్చింది. "వచ్చే ఏడు ఉంది గదా" అన్నాను. "పెద్దవాళ్ళకు ఏడంటే చిన్నది నాన్నా" అంది. దానికి జవాబు నా ఎం.ఏ.లో లేదు. సింధు సంగతి చెప్పాను. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ బంగారు పతకం గెలిచిన పి.వి. సింధు, కాలి ఎముకలో పగులువల్ల అదే నెలలో జరిగిన ప్రపంచ పోటీలకు వెళ్ళకుండా ఆగిపోయింది. "సింధు కూడా ఏడ్చిందా?" అని అడిగింది. "ఏడ్చే ఉంటుంది" అన్నాను. ఆ సమాధానంతో కొంచెం కుదుటపడింది.

మూడో నెలకు కుంటడం మానేసింది. మళ్ళీ ఆడుతోంది. దసరా సెలవుల తర్వాత ఒక వారం నొప్పి తిరిగివచ్చింది. ఎవరూ చెప్పకుండానే నోటుబుక్కులో నాలుగు మార్కులని రాసుకుని, మంచుగుడ్డ కట్టుకుని కూర్చుంది. ఈ నొప్పివల్ల దానికి వచ్చిన లాభమల్లా తన ఒంటి మాట తాను వినడం.

అయితే మడమ నొప్పులన్నీ ఇవేనని ఎవరూ అనుకోకూడదు. మా వీధి చివర ఒక కుటుంబం ఉంది. నారాయణఖేడ్ వైపునుంచి వచ్చారు. తండ్రి పాశమైలారంలో ఒక కంపెనీలో రాత్రి షిఫ్టు. పన్నెండేళ్ళ కొడుకు కబడ్డీ బాగా ఆడతాడు. మా యింటి వైద్యం వీధిలో ప్రచారమైపోయింది గనక, ఒకనాడు ఆ తండ్రి వచ్చి "మా వానికి గూడ మీ బిడ్డ లెక్కనే మడిమె నొప్పి సార్. గా మెత్త ఎక్కడ దొరుకుతది?" అని అడిగాడు. వెళ్ళి చూశాను. ఒక్క మడమే. వాచి ఎర్రగా ఉంది. ఒళ్ళు వెచ్చగా ఉంది. రాత్రంతా మూలిగాడట. అడగ్గా అడగ్గా, అయిదారు రోజుల కిందట ఆడుతుంటే రబ్బరు చెప్పులోంచి ఇనుప ముక్క దిగిందని చెప్పాడు. తిడతారని ఇంట్లో చెప్పలేదు.

డాక్టరుగారు మమ్మల్ని అడిగిన ప్రశ్నలు నాకు జ్ఞాపకమే. "మెత్త సంగతి తర్వాత. ఇప్పుడే ప్రభుత్వాసుపత్రికి పోదాం పద" అన్నాను. షిఫ్టు పోతే ఆ రోజు కూలి పోతుందని ఆయన తటపటాయించాడు. ఆ తటపటాయింపును తప్పుపట్టే అర్హత నెలజీతగాళ్ళకు లేదు. అయినా ఆటో పిలిచాను. ఆ గాయంగుండా క్రిములు ఎముకదాకా పోయాయి. ఆసుపత్రిలో ఉంచుకుని చీము తీసి, వారాల తరబడి మందులు ఇచ్చారు. కాలు దక్కింది. ఇంకో నాలుగు రోజులు ఆలస్యమైతే ఏమయ్యేదో అని అక్కడి డాక్టరమ్మ అన్నప్పుడు ఆ తండ్రి గోడకు చేరబడి నిలబడ్డాడు.

అందుచేత గుర్తుపెట్టుకోవలసినవి ఇవి. వాపు, ఎరుపు, జ్వరం ఉన్నా, రాత్రి నిద్రలో నొప్పి లేపుతున్నా, కాలు నేలమీద మోపలేకపోతున్నా, దెబ్బ తగిలాకో ముల్లో మేకో దిగాకో మొదలైనా, ఆటలాడని పిల్లకు వచ్చినా, పొద్దున్నే కీళ్ళు బిగుసుకున్నా, నెల రోజుల జాగ్రత్తకు కూడా లొంగకపోయినా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. ఏ నొప్పి ఏదో తేల్చేది ఆయన. పక్కింటి అనుభవమూ, పత్రికలో నాబోటి మాస్టరు రాసిన వ్యాసమూ కాదు.

ఇప్పుడు పొద్దున్నే బస్సుకోసం నిలబడితే, రోడ్డు పక్కన ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్లలను పరుగెత్తిస్తున్న తండ్రులు కనిపిస్తుంటారు. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో నాలుగో తరగతి సీటుకు పరుగులోనూ, దూకడంలోనూ పరీక్షలుంటాయి మరి. ఆ పట్టుదల చూస్తే నాకు ముచ్చటగానే ఉంటుంది. కూలిపని చేసే తండ్రి కొడుకు పరుగుమీద ఆశ పెట్టుకోవడంలో తప్పేముంది? సరిగ్గా ఆ వయసులోనే మడమలో కొత్త ఎముక మొలుస్తోందని వాళ్ళకు తెలియదు. వారంలో ఒకటి రెండు రోజులు ఆ కాళ్ళకు సెలవిస్తే, తారు రోడ్డు వదిలి మట్టిబాట పట్టిస్తే ఆ ఆశకు వచ్చే నష్టమేమీ లేదు. పిల్లవాడు కుంటితే మాత్రం గడియారం జేబులో పెట్టుకుని వాణ్ణి ఓసారి కూర్చోబెట్టి అడగాలి.

మళ్ళీ జూన్ వస్తుంది. బూట్ల షాపులకు పోతాం. మడమ దగ్గర గట్టిగా, కింద మెత్తగా ఉన్న జత చూసుకోండి. బొటనవేలి ముందు ఒక వేలెడు జాగా చాలు. కాని షాపువాడు సరైన సైజు తీయగానే మనందరం ఒకే మాట అంటాం: "పెరిగే కాలు గదా, రెండు సైజులు పెద్దవి ఇవ్వు." బూటు కొనేటప్పుడు అంత బాగా జ్ఞాపకముండే ఆ మాటను పిల్లవాడు నొప్పి అన్నప్పుడు కూడా ఒకసారి జ్ఞాపకం తెచ్చుకుంటే చాలు.